గుండె బొమ్మలో పిట్ట

నేను ముప్ఫై ఏళ్లకు పైగా జీవశాస్త్రం చెప్పాను. నాకు బొమ్మలు గీయడం రాదు. ఈ రెండు మాటలూ పక్కపక్కన చదివి సైన్స్ టీచర్లు నవ్వుకుంటారని తెలుసు. మా అమ్మ డ్రాయింగ్ టీచర్ అని కూడా చెబితే ఇంకాస్త నవ్వుతారు. అదీ నిజమే. పైగా ఇద్దరం కొన్నేళ్లు ఒకే బడిలో పనిచేశాం. బొమ్మలు ఆమె గీసేది, పేరు నేను కొట్టేసేదాన్ని. ఆ బండారం బయటపడిన రోజు గురించి రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు చదివితే మంచిది. మీ మొదటి తనిఖీ ఇంకా జరగకపోతే మరీ మంచిది.

మా ఇల్లు ఉప్పల్‌లో, బడి నాచారంలో. ఫ్యాక్టరీల వెనక సందులో రెండంతస్తుల పాత భవనం అది. పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది జిల్లాల నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీల్లోనే పనిచేసేవాళ్లు. మధ్యాహ్నం కంపెనీ సైరన్ మోగిందంటే మా గంటతో పని లేదు, పిల్లలు వాళ్లంతట వాళ్లే అన్నం డబ్బాలు తెరిచేవాళ్లు. నేను బీఈడీ పూర్తిచేసి అక్కడ చేరేటప్పటికే అమ్మకు ఆ బడిలో ఇరవై ఏళ్ల సర్వీసు.

రంగుల డబ్బా కొనుక్కోలేని పిల్లలకు ఆమె ఇటుకపొడి, పసుపు, బొగ్గు, బీట్‌రూట్ రసం కలిపి రంగులు చేసిచ్చేది. అట్టల కోసం ఒక కంపెనీ వాచ్‌మన్‌ను పట్టుకుంది. "అన్నా, గా అట్టడబ్బలు చింపి పారెయ్యకుండ్రి. మా పిల్లలు మీ బొమ్మ గీస్తరు" అని ఆశపెట్టింది. మాట నిలబెట్టుకుంది కూడా. వారం తిరక్కుండా నలభైమంది పిల్లలు గీసిన నలభై వాచ్‌మన్లు ఆ గేటు గదిలో వేలాడారు. ఏ రెండు బొమ్మలకూ మీసం కలవలేదు. ఆ పెద్దమనిషి రోజూ అద్దంలో చూసుకుని, ఏది తనదో తేల్చుకోలేక, చివరికి మీసమే తీసేశాడు.

అమ్మ అల్లరి పిల్లలతో ఆగేది కాదు. మా హెడ్మాస్టరు గారికి బల్లులంటే భయం. ఆయన గదిలో గడియారం పక్కన ఒక రోజు బొగ్గుతో చిన్న బల్లి వెలిసింది. రెండు రోజుల తర్వాత అది జానెడు కిందికి దిగింది. ఇంకో రెండు రోజులకు ఆయన కుర్చీ వైపు తల తిప్పింది. అమ్మ తడిగుడ్డతో తుడిచి కొత్త చోట గీస్తోందని అటెండరుకు తెలుసు. కానీ అతను పొద్దున్నే చీపురు పట్టుకుని గోడమీద కొట్టి, "ఇది మస్తు మొండిది సార్, కదుల్తలేదు" అని ఎంతో బాధపడేవాడు. హెడ్మాస్టరు గారు రెండు వారాలు వరండాలో కూర్చుని సంతకాలు పెట్టారు.

నేను చేరిన రోజే అమ్మ ఒక నియమం పెట్టింది. "బడి గేటు దాటినంక నేను నీకు మేడం. నువ్వు నాకు సైన్స్ టీచర్ గారు. అమ్మ, గిమ్మ అన్నవంటే లీవ్ లెటర్ రాయిస్త." అన్నట్టే ఉండేది. స్టాఫ్ రూంలో నా డబ్బాలోంచి పచ్చడి తీసుకుంటూ, "టీచర్ గారూ, ఎవరు పెట్టిన్రండీ మీకు పచ్చడి? చేయి తిరిగినోళ్ల లెక్కున్నరు" అని అందరి ముందూ తనను తానే మెచ్చుకునేది.

ఇక నా సంగతి. సైన్స్ పరీక్షలో బొమ్మకు మార్కులుంటాయి. గుండె నిలువుకోత, మూత్రపిండం, ఆకు అడ్డుకోత ఇవన్నీ బోర్డు మీద గీసి చూపించాల్సిందే. నేను గుండె గీస్తే వంకాయ వచ్చేది. మెదడు గీస్తే గోబీపువ్వు. మొదటి వారమే అమ్మ తలుపు సందులోంచి నా బోర్డు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు ప్రార్థనకు ముందు నేను క్లాసులోకి వెళ్లేసరికి బోర్డు మీద మూత్రపిండం సిద్ధంగా ఉంది. రంగు సుద్దలతో, తాకితే మెత్తగా తగులుతుందా అన్నంత బాగా. నేను చేయాల్సిందల్లా గీతలు లాగి భాగాల పేర్లు రాయడమే.

"టీచర్, మీరే గీసిండ్రా?" అని ఒక పిల్ల అడిగింది.

"ఊఁ" అన్నాను.

ఆ ఒక్క "ఊఁ" మీద రెండేళ్లు బతికాను. ఇంట్లో అమ్మ దాని ఊసెత్తేది కాదు. నేనూ ఎత్తలేదు. పిల్లలు నన్ను ఆరాధనగా చూస్తున్నారనుకున్నాను. వాళ్ల పెదవుల చివర ఒక నవ్వు ఉండేది. అదీ ఆరాధనే అనుకున్నాను.

మూడో ఏడాది నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆ ఏడు తనిఖీలో నా పాఠం బాగుందనిపించుకుంటే ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. దసరాకు ముందు మూడు నెలల పరీక్షల్లో పదో తరగతి మార్కులు ఘోరంగా వచ్చాయి. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచారు. ఆయనది కోస్తా వైపు, మాట మెత్తగా ఉండేది.

"చూడమ్మా, టైంటేబుల్ నీ చేతిలో పెడుతున్నా. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు డ్రాయింగ్ పీరియడ్లు అవసరమంటావా? సైన్సుకూ లెక్కలకూ వాడుకుందాం. నువ్వు కాదంటే వద్దులే."

నేను కాదనలేదు. హెడ్మాస్టరు గారికి నచ్చాలి, మార్కులు పెరగాలి, ఉద్యోగం నిలబడాలి. ఇంట్లో భోజనాల బల్ల మీదే కూర్చుని స్కేలు పెట్టి మరీ డ్రాయింగ్ పీరియడ్లు కొట్టేసి, ఎక్కువ భాగం నా పేరు రాసుకున్నాను. అప్పుడు అమ్మ పక్కగదిలో ఏదో కూనిరాగం తీస్తూ బట్టలు మడతపెడుతోంది. లేచి వెళ్లి ఒక్క మాట చెప్పొచ్చు. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపటికి అది నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. అమ్మ అందరితో పాటే నిలబడి చదువుకుంది.

ఆ సాయంత్రం తిడుతుందని చూశాను. తిట్టలేదు. నాకు ఇష్టమని బెండకాయ వేపుడు చేసింది. దాంతో ఇంకా భయం వేసింది.

మర్నాడు పొద్దున బోర్డు నల్లగా, శుభ్రంగా ఉంది. బొమ్మ లేదు. పరుగున స్టాఫ్ రూంకి వెళ్లాను.

"మేడం, ఇవాళ మెదడు పాఠం…"

"అవునా టీచర్ గారూ? మంచి పాఠం. గీసుకోండ్రి" అంది, మూడో తరగతి పిల్లలు గీసిన మామిడికాయలు దిద్దుతూ.

చార్టులైనా చూపిద్దామంటే అవి డ్రాయింగ్ బీరువాలో ఉన్నాయి. తాళంచెవి అమ్మ బొడ్లో ఉంది. అడిగితే, "పెద్ద తరగతులకు డ్రాయింగ్ లేదని ఆర్డరొచ్చిందటగా. ఆర్డరు తప్పితే ఎట్ల?" అంది. ఆ రోజు నేను గీసిన గోబీపువ్వును నలభైమంది పిల్లలు వంచిన తల ఎత్తకుండా తమ నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

డిసెంబరులో తనిఖీ అన్నారు. పిల్లలకు బాగా వచ్చిన పాఠమే మళ్లీ చెప్పించాలని హెడ్మాస్టరు గారు గుండె పాఠం ఖాయం చేశారు. ఇక నాకు దారి లేదు. శనివారం బడినుంచి రాగానే అమ్మ ముందు కూర్చున్నాను.

"అమ్మా, ఒక్కసారి గీసిపెట్టవే. ఆ ఒక్క రోజే."

"ఎవరితోని మాట్లాడుతున్నవ్? అమ్మతోనా, డ్రాయింగ్ మేడంతోనా?"

"అమ్మతోనే."

"అమ్మకు పీరియడ్లు, టైంటేబుల్ తెల్వదు. వంట తెల్సు. రేపు పొద్దుగాల సంచి పట్టుకుని రా."

ఆదివారం పొద్దున నన్ను ఉప్పల్‌లో మటన్ దుకాణానికి తీసుకెళ్లింది.

"అక్కా, కిలోనా?" అన్నాడు దుకాణం అతను.

"మటన్ వద్దు తమ్మీ. గుండెకాయ ఇయ్యి. కొయ్యకు, నిండుగ ఇయ్యి. మా బిడ్డకు గుండె లేదు, పెట్టాలె."

అతను కత్తి ఆపి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. నేను సంచిలో తల పెట్టుకోవడం ఒక్కటే తక్కువ.

ఇంటికొచ్చి దాన్ని కడిగి నా అరచేతిలో పెట్టింది. కళ్లు మూసుకోమంది. "పెన్సిల్ ముట్టకు. మొదలు చేతితోని సూడు. ఏడ మందంగున్నది? ఏడ పల్చగున్నది? రక్తం ఎటునుంచొస్తది, ఎటు పోతది? నీకు పేర్లన్నీ తెలుసు బిడ్డా, వస్తువే తెల్వది." ఎడమవైపు గోడ మందంగా ఉంటుందని నేను రెండేళ్లుగా చెబుతున్నాను. నా బొటనవేలికి ఆ మందం తగలడం అదే మొదటిసారి. తర్వాత చాకుతో నిలువుగా కోసింది. ఆ రోజు ముప్ఫై గుండెలు గీశాను. పదిహేనోదాకా వంకాయలే. తర్వాత మెల్లగా కూరగాయల్లోంచి బయటపడ్డాయి. ఆఖరి బొమ్మ చూసి అమ్మ, "ఇది కొట్టుకుంటది. మంచిగ కాదు గని, కొట్టుకుంటది" అంది. సాయంత్రం ఆ గుండెకాయనే వేపుడు చేసింది. నాకు ముద్ద దిగలేదు. ఆమె మాత్రం రెండుసార్లు వడ్డించుకుంది.

ఆ ఆదివారమే టైంటేబుల్ సంగతి క్షమించమని అడుగుదామనుకున్నాను. ముప్ఫై గుండెలు గీశాను కానీ ఆ ఒక్క మాట రాలేదు.

తనిఖీ రోజు వచ్చింది. అధికారి సన్నగా, కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నారు. పక్కన హెడ్మాస్టరు గారు. నేను సుద్దముక్క తీసి, చూడకుండా, ఆగకుండా గుండె గీశాను. గీతలు లాగి పేర్లు రాశాను. పిల్లలు నోళ్లు తెరిచారు. వాళ్లకు నిజంగానే ఆశ్చర్యం. అధికారి తల పంకించారు. హెడ్మాస్టరు గారు నాకు మాత్రమే కనిపించేలా బొటనవేలు ఎత్తారు. గట్టెక్కాననుకున్నాను.

"బాగుందమ్మా. పిల్లల నోటుబుక్కులు చూద్దాం" అన్నారు అధికారి.

నాలుగైదు పుస్తకాలు తిరగేశారు. ముందు ఆయన మొహం వెలిగింది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి.

"దసరాదాకా బొమ్మలు అచ్చు వేసినట్టున్నాయి. దసరా తర్వాత ఈ తరగతికి ఏమైందమ్మా? ఈ గోబీపువ్వు ఏమిటి?"

"మెదడు సార్" అన్నాను.

ఆయన మళ్లీ వెనక పేజీలకు వెళ్లారు. పుస్తకాన్ని కళ్ల దగ్గరికి తెచ్చుకున్నారు. "ఇది గుండె. ఇది కర్ణిక, ఇది జఠరిక. సరే. ఇక్కడ గీత లాగి కవాటం అని రాశారు. అమ్మా, కవాటానికి ముక్కు ఉందేమిటి?"

వెళ్లి చూశాను. నిజమే. గుండె లోపల, ఎడమ జఠరికలో, వడ్లగింజంత పిట్ట కూర్చుని ఉంది. ముక్కు, కన్ను, తోక అన్నీ ఉన్నాయి. బోర్డు మీద నేను లాగిన గీత, పిల్లలు ఎక్కించుకున్నట్టే, సరిగ్గా దాని పొట్ట మీదికి పోయింది. ఇంకో పుస్తకం తీశాను. అందులోనూ పిట్ట. మూత్రపిండంలో పిట్ట. ఆకు అడ్డుకోతలో పిట్ట. నలభై పుస్తకాల్లో, నేను బోర్డు మీద రాసిచ్చిన పేర్ల మధ్య, నలభై పిట్టలు. రెండేళ్లపాటు నేను బోర్డు మీద ప్రతి బొమ్మకూ పేర్లు రాసి, ఒక్కసారి కూడా బొమ్మను చూడలేదు.

"ఈ భాగం పేరేంటి?" అని అధికారి తరగతిని అడిగారు.

ముందు బెంచీలో పిల్ల లేచింది. నన్ను "మీరే గీసిండ్రా" అని అడిగిన పిల్లే. "పిట్ట సార్."

"మీ టీచర్ గీశారా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. జాలిగా చూసిందని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "డ్రాయింగ్ మేడం గీస్తది సార్. ప్రతి బొమ్మల ఒక పిట్ట దాస్తది. దొరకవట్టినోళ్లకు రంగు సుద్ద ఇస్తది. టీచర్‌కు చెప్పొద్దన్నది."

అంటే అందరికీ తెలుసు. మొదటి రోజు నుంచీ. తెలియంది నాకొక్కదానికే.

అమ్మను పిలిపించారు. కొంగుకు సుద్దపొడి, బుగ్గమీద బొగ్గు మరకతో వచ్చింది. జరిగింది చూడగానే అర్థమైంది ఆమెకు. అయినా ఏమీ ఎరగనట్టు నిలబడింది.

"గుండెలో పిట్ట ఎందుకమ్మా?" అన్నారు అధికారి.

"బొమ్మను సూడుమంటే పిల్లలు సూడరు సార్. పిట్టను దేవులాడుమంటే గుండెంత దేవులాడుతరు. సూసినోళ్లకే చేతికొస్తది."

ఆయన పుస్తకాలన్నీ మూయించి, చూడకుండా గుండె గీయమన్నారు. పది నిమిషాలు గదిలో పెన్సిళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన బెంచీల మధ్య తిరిగి వచ్చారు. అందరికీ వచ్చింది. ముగ్గురు అలవాటులో పిట్టను కూడా పెట్టేశారు.

"ఈ తరగతికి మీ పీరియడ్ ఎప్పుడమ్మా?" అని అమ్మను అడిగారు.

హెడ్మాస్టరు గారు కిటికీలోంచి ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు చూశారు. నేను నేల చూశాను. అమ్మ ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"పెద్ద తరగతులు నేనే వద్దన్న సార్. మోకాళ్లు నొస్తున్నయి. పై అంతస్తు ఎక్కలేకపోతున్న."

అంత హాయిగా అబద్ధం ఆడే మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆమె ఆ మెట్లే రెండేసి చొప్పున ఎక్కి అప్పుడే వచ్చింది. నేను నోరు మూసుకుంటే చాలు. బొమ్మల సంగతి నవ్వులాటగా పోతుంది, నా ఉద్యోగం దక్కుతుంది. కానీ గోడవారగా నిలబడ్డ ఆ మనిషి, తన పీరియడ్లు లాక్కున్న దాన్ని కాపాడటానికి, లేని మోకాళ్ల నొప్పి తెచ్చుకుని నిలబడి ఉంది.

"కాదు సార్" అన్నాను. "టైంటేబుల్ వేసింది నేను. ఆమె పీరియడ్లు కొట్టేసి నేను రాసుకున్నాను. ఆమెను అడగలేదు. రెండేళ్లు ఆమె బొమ్మలు నావని చెప్పుకున్నాను కూడా."

అధికారి నా మొహమూ అమ్మ మొహమూ మార్చి మార్చి చూశారు. "ఈవిడ మీకేమవుతారు?"

నియమం గుర్తొచ్చింది. "డ్రాయింగ్ మేడం సార్" అన్నాను.

"వాళ్లమ్మ సార్!" అని తరగతి మొత్తం అరిచింది.

ఫలితాలు చెబుతాను. నా ప్రొబేషన్ ఒక ఏడాది పొడిగించారు. ఎనిమిది, తొమ్మిది తరగతులకు వారానికొక డ్రాయింగ్ పీరియడ్ తిరిగి వచ్చింది. పదో తరగతికి రాలేదు, ఆ తర్వాతా ఎప్పుడూ రాలేదు. తనిఖీ రిపోర్టులో ఇంకో వాక్యం ఉంది: "శరీర అవయవములలో పక్షులను చిత్రించరాదు." హెడ్మాస్టరు గారు దాన్ని సర్క్యులర్‌గా తిప్పి అందరి సంతకాలూ తీసుకున్నారు. అమ్మ సంతకం పెట్టి, ఆర్డరుకు కట్టుబడి, మర్నాటినుంచి చీమలు దాచడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఉప్పల్ బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. "అమ్మా, తప్పు చేశాను" అన్నాను. మూడు నెలలు ఆలస్యంగా వచ్చిన మాట.

"చేసినవ్" అంది. తేలిగ్గా తీసెయ్యలేదు. "పేపరు మీద నన్ను కొట్టేసినందుకు కాదు బిడ్డా. పక్కగదిలనే ఉన్న. ఒక్కసారి పిలిస్తే వచ్చేదాన్ని గదా." కండక్టరుకు చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది. తర్వాత మోచేత్తో పొడిచింది. "మంచిగ అబద్ధమాడి గట్టెక్కిస్తే ఖరాబు జేసినవ్. మోకాళ్ల నొప్పి మాత్రం నిజమే అనుకున్నడు హెడ్మాస్టర్ సార్, తైలం తెస్తనన్నడు. ఇగ రేపటినుంచి కుంటాలె."

వారం రోజులు కుంటింది. ఏ కాలో గుర్తుండేది కాదు. పొద్దున కుడికాలు, మధ్యాహ్నం ఎడమకాలు.

ఇన్నేళ్లలో చాలా జరిగాయి. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. అమ్మ రిటైరైంది. ఆమె స్థానంలో ఎవరినీ వేయలేదు. చివరికి హెడ్మిస్ట్రెస్ కుర్చీ నాకొచ్చింది. ఆ జూన్‌లో టైంటేబుల్ వేస్తూ డ్రాయింగ్ గళ్లే మొదట నింపాను. చెప్పడానికి మనిషి లేదు కాబట్టి నేనే వెళ్లేదాన్ని. వంకాయలు వేసే చేత్తో పిల్లలకు డ్రాయింగ్ చెప్పాను. వాళ్లు నాకంటే బాగా గీసేవాళ్లు. అది కాస్త సాయమే అయింది.

అమ్మ పోయి మూడేళ్లయింది. పోవడానికి కొన్నేళ్ల ముందు, చేతులు వణకడం మొదలయ్యాక, ఒక రోజు నా క్లాసు చూస్తానంది. ఆటోలో తీసుకెళ్లాను. తొమ్మిదో తరగతిలో వెనక బెంచీలో ఇద్దరు ఆడపిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నేను బోర్డు మీద కుండ గీస్తున్నాను. వెనకనుంచి గుసగుసలు. తిరిగి చూస్తే అమ్మ బుద్ధిగా చేతులు కట్టుకుని ఉంది. మళ్లీ బోర్డు వైపు తిరిగాను. ఈసారి కిసుక్కుమన్నారు. చప్పున తిరిగి చూస్తే, పక్కపిల్ల నోటుబుక్కులో అమ్మ వణికే చేత్తో నన్ను గీస్తోంది. కుండకు నా కళ్లజోడు పెట్టి, నా జుట్టు ముడి పెట్టి.

"వెనక బెంచీ! ఏంటా మాటలు?" అన్నాను.

"నేను కాదు టీచర్, గీ పిల్లనే" అంది అమ్మ, పక్కపిల్లను చూపిస్తూ.

క్లాసు గొల్లుమంది. నాకూ నవ్వు ఆగలేదు. కానీ టీచర్ని కదా. "లేవండి. బయటికి వెళ్లి నిలబడండి" అన్నాను.

ఇన్నేళ్ల సర్వీసులో నేను క్లాసు బయట నిలబెట్టిన మనిషి ఆమె ఒక్కతే. బుద్ధిగా లేచి, తలుపు దాకా వెళ్లి, గుమ్మం దగ్గర తిరిగి పిల్లలకు దండం పెట్టి మరీ వెళ్లింది. గంట కొట్టేదాకా వరండాలోనే ఉంది. ఆమె ఏమి చూస్తోందో అని పిల్లలు కిటికీ వైపే మెడలు సాచారు. కుండ ఎవరూ గీయలేదు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో నా చెయ్యి పట్టుకుంది.

"ఎంతమంది పోరగాళ్లను బయట నిలబెట్టిన్నో ఇన్నేండ్లు" అంది. "బయట మస్తుగుంటదే. ఒక్కడన్న చెప్పకపాయె."